రైలు కార్మికుల వకీలు వరాహగిరి వేంకటగిరి

సింగరేణి బొగ్గుగనుల నడుమ రామకృష్ణాపూర్‌లోగాని గోదావరిఖనిలోగాని కాపురమున్నవారికి ఎన్నికలు రెండు విధములు. ఒకటి శాసనసభకు, లోకసభకు జరుగునది. రెండవది గని కార్మికులు తమ గుర్తింపు సంఘమును ఎన్నుకొనునది. రహస్యముగా ఓటువేసి గుర్తింపు సంఘమును నిర్ణయించు పద్ధతి సింగరేణిలో 1998లో మొదలైనది. 2023లో ఈ రెండు ఎన్నికలును ఒకదానివెంట ఒకటి వచ్చినవి. నవంబరు 30వ తేదీన తెలంగాణ శాసనసభకు ఓటు వేసిన కార్మికుడే నెల తిరుగకముందు, డిసెంబరు 27వ తేదీన, తన సంఘమునకు ఓటువేసెను. రాజకీయపక్షముల జెండాలు రెండు చోట్లను ఎగిరినవి. సంఘము పక్షమును నడుపుచున్నదా, పక్షమే సంఘమును నడుపుచున్నదా అని బడిలో ఒక పిల్లవాడు లేచి అడిగినచో పంతులుగారు కొంచెము ఆలోచించి చెప్పవలసినదే.

ఇందులో ఇంకొక చిక్కు కలదు. సింగరేణి సంస్థలో నూటికి 51 వంతులు రాష్ట్ర ప్రభుత్వమువి, 49 వంతులు కేంద్ర ప్రభుత్వమువి. పెద్ద వాటా రాష్ట్రముదే. అయినను గుర్తింపు సంఘపు ఎన్నికను జరిపించువారు కేంద్ర కార్మికశాఖ అధికారులు. యాజమాన్యమును, సంఘములను ఎదురెదురుగా కూర్చుండబెట్టి రాజీకి యత్నించువారును వారే. రాష్ట్రపు సంస్థలోని తగవు ఢిల్లీ గుమ్మము తొక్కుట ఎట్లు వచ్చినది? కార్మికుడు కట్టు చందాకును, వేయు ఓటునకును, దేశమునేలు అధికారమునకును నడుమ దారి ఎట్లు పడినది? ఈ ప్రశ్నలకు జవాబు ఒక తెలుగువాని జీవితములో చాలవరకు దొరకును. ఆయన వరాహగిరి వేంకటగిరి. భారత రాష్ట్రపతుల వరుసలో ఆయన పేరు పిల్లలకు కంఠస్థమే. అంతకు ముందు ఆయన రైలు కార్మికుల మనిషి అన్న సంగతి మాత్రము అంతగా జ్ఞప్తికి రాదు.

గిరిగారు 1894 ఆగస్టు 10వ తేదీన బరంపురమున జన్మించిరి. ఆనాడది మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండెను; 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినప్పుడు అటు చేరినది. తండ్రి జోగయ్య పంతులుగారు పేరుమోసిన న్యాయవాది, దేశాభిమాని. తల్లి సుభద్రమ్మగారు. ప్లీడరు కుమారుడు ప్లీడరగుట ఆ కాలమున వింత కాదు. 1913లో గిరిగారు న్యాయశాస్త్రము చదువుటకు సముద్రయానము చేసిరి. అయితే ఆయన చేరినది లండను కాదు, ఐర్లండు రాజధాని డబ్లిన్. ఆయన జీవితమును మలుపు త్రిప్పినది ఆ ఊరే.

ఆ సంవత్సరమే డబ్లిన్‌లో ఘోరమైన లాకౌటు జరిగెను. జేమ్స్ లార్కిన్ స్థాపించిన సంఘములో చేరమని సంతకము చేసినవారికే పని యిత్తుమని యజమానులు పట్టుపట్టిరి. ఇరువదివేలమంది కార్మికులు నెలల తరబడి పనిలేక, కూడు లేక వీధులపాలైరి. లార్కిన్ వెంట నిలిచిన జేమ్స్ కోనలీ కార్మికోద్యమమును, ఐర్లండు స్వాతంత్ర్యోద్యమమును ఒకే బండికి పూన్చిన నాయకుడు. కూలివాని సంఘము దేశ రాజకీయములను కదలింపగలదని పందొమ్మిదేండ్ల భారతీయ విద్యార్థి అక్కడ కన్నులార చూచెను. 1916 ఏప్రిలులో ఐరిష్ తిరుగుబాటు జరిగెను. మే నెలలో కోనలీని కాల్చి చంపిరి. తిరుగుబాటువారితో సంబంధమున్నదన్న అనుమానముతో గిరిగారిని దేశము విడిచి పొమ్మనిరి. బారిష్టరు పట్టముతో ఆయన స్వదేశమునకు మరలివచ్చిరి.

ఆయన ఐర్లండునకు చేరిన 1913లోనే బ్రిటిషు పార్లమెంటు ఒక చట్టము చేసెను. మన కథకు అది ముఖ్యము గనుక కొంచెము ఆగి చూడవలెను. ఆ దేశమున పార్లమెంటు సభ్యులకు 1911 వరకు జీతము లేదు. జమీందారునకు, వర్తకునకు దానితో పని లేదు. కూలివాడు సభ్యుడైనచో తినుట ఎట్లు? అందుచేత కార్మికసంఘములు తమ చందాల నుండి వారిని పోషించెడివి. ఓస్బరన్ అను రైలు ఉద్యోగి దీనికి ఎదురు తిరిగెను. తనకు నచ్చని పక్షమునకు తన డబ్బు ఏల పోవలెనని తన సంఘముపైననే దావా వేసెను. 1909లో ప్రభువుల సభ అతని పక్షమున తీర్పు చెప్పెను. సంఘములు రాజకీయములకు కాసు ఖర్చుచేయరాదని దాని సారాంశము. కార్మిక పక్షము గగ్గోలు పెట్టెను. చివరకు 1913 చట్టము మధ్యేమార్గము చూపెను: సంఘము రాజకీయములకు ఖర్చు పెట్టవచ్చును, కాని అందుకొరకు వేరు నిధి యుండవలెను, ఇష్టము లేనివాడు అందుకు చందా కట్టనని తప్పుకొనవచ్చును.

మన దేశమున సంఘము పెట్టుటయే అపాయకరముగా ఉండిన కాలమది. మద్రాసులో బకింగుహాము మిల్లు యజమానులు 1920లో కార్మికసంఘ నాయకులపై దావా వేసి హైకోర్టు నుండి నిషేధపు ఉత్తరువు తెచ్చిరి. సమ్మెకు నాయకత్వము వహించినందుకు నష్టపరిహారము చెల్లించవలసిన గతి పట్టినది. ఈ అన్యాయమును చూచి ఎన్.ఎం. జోషీగారు కేంద్ర శాసనసభలో ఆందోళన చేయగా, అయిదేండ్లకు, 1926లో, కార్మికసంఘముల చట్టము వచ్చినది. అందులోని పదునారవ సెక్షను రాజకీయనిధిని గూర్చినది. ఎన్నికలలో నిలుచు అభ్యర్థి ఖర్చులకు, సభలకు, కరపత్రములకు, ఓటర్ల నమోదునకు, ఎన్నికైన సభ్యుని పోషణకు సంఘము వేరు నిధి నుండి ఖర్చు చేయవచ్చును. సామాన్య నిధిని ముట్టరాదు. ఆ నిధికి ఎవ్వరిని బలవంతపెట్టరాదు. కట్టనివానికి సంఘమువలన కలుగు సౌకర్యములు తగ్గింపరాదు. బ్రిటనులో 1913 చట్టము ప్రకారము ఇష్టము లేనివాడు నోరు విప్పి తప్పుకొనవలసి యుండెను. ఇక్కడ ఇష్టమున్నవాడే ముందుకు వచ్చి కట్టవలెను. ఈ భేదము చిన్నదిగా కనబడును గాని చిన్నది కాదు. నోరు విప్పుటకు జంకువాడే ఎక్కడైనను ఎక్కువ.

ఈ చట్టము వచ్చుసరికి గిరిగారు కార్మికులలో స్థిరపడియుండిరి. ఐర్లండు నుండి వచ్చి కొంతకాలము ప్రాక్టీసు చేసి, గాంధీజీ పిలుపుతో దానిని విడిచిరి. కల్లు, సారా దుకాణముల యెదుట పికెటింగు చేయించి 1922లో జైలునకు పోయిరి. ఆ పిమ్మట ఆయన పట్టుకొన్నది రైలుదారి. బెంగాల్ నాగపూర్ రైల్వే తెలుగువారికి క్రొత్త కాదు. వాల్తేరు నుండి ఖరగ్‌పూరు వరకు ఆ రైల్వేలో పనిచేయుటకు విశాఖ, గంజాం జిల్లాల పల్లెల నుండి వేలమంది తరలిపోయిరి. నేటికిని ఖరగ్‌పూరులో తెలుగు మాట వినవచ్చును. ఆ కార్మికుల సంఘమునకు గిరిగారు నాయకులైరి. 1927లో ఖరగ్‌పూరు కర్మాగారములో ఉద్యోగముల కోత మొదలైనది. అప్పటి నుండి 1928 వరకు సాగిన పోరాటములో సమ్మెయు, లాకౌటును రెండును జరిగినవి. కోతకు గురియైనవారి పక్షమున అహింసాపద్ధతిలో నడిచిన సమ్మెకు కంపెనీయు, ప్రభుత్వమును కొంత దిగిరాక తప్పలేదు. దేశమునందలి రైల్వే సంఘములన్నిటిని కూర్చిన అఖిలభారత రైల్వే కార్మిక సమాఖ్యను స్థాపించినవారిలో ఆయన ఒకరు; దానికి పదియేండ్లకు పైగా ప్రధాన కార్యదర్శి. 1926లో మద్రాసులో జరిగిన అఖిలభారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసు సభకు అధ్యక్షత వహించిరి. 1927లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక మహాసభకు ప్రతినిధిగా వెళ్ళిరి.

కోటువేసికొన్న బారిష్టరు బొగ్గు మసితో, చమురు మరకలతో నున్న ఫైరుమెన్లకు నాయకుడగుట విడ్డూరమని నవ్వినవారు లేకపోలేదు. కాని అర్జీ వ్రాయుటకు, అధికారి యెదుట జంకక నిలుచుటకు ఆనాటి కార్మికునకు చదువుకొన్న తోడు అవసరము. పదవిలో నున్న కార్మికుడు నోరెత్తినచో మరునాటికి ఉద్యోగము ఉండదు. బయటివాడు సంఘమునకు నాయకుడగుటను 1926 చట్టమును అనుమతించినది. అయితే ఇదియే క్రమముగా సంఘములను రాజకీయ పక్షముల చేతులలోనికి తెచ్చిన వంతెన అయినది. గిరిగారు తమ వంతెనను తామే అనుమానించిరి. నాయకత్వము కార్మికులలో నుండియే పుట్టవలెననియు, ఒక పరిశ్రమలో ఒకే సంఘము ఉండవలెననియు ఆయన జీవితాంతము చెప్పుచు వచ్చిరి.

రాజకీయముల వలన సంఘము చీలిపోవుటను ఆయన కనులార చూచిరి. 1929లో నాగపూరులో జవహర్‌లాల్ నెహ్రూ అధ్యక్షతన ట్రేడ్ యూనియన్ కాంగ్రెసు సమావేశమైనప్పుడు, బ్రిటిషు ప్రభుత్వము నియమించిన రాయల్ కార్మిక కమీషనును బహిష్కరింపవలెనా, అందు పాల్గొనవలెనా అన్న తగవుపై సంస్థ రెండు ముక్కలైనది. జోషీగారు, గిరిగారు మొదలగు మితవాదులు బయటికి వచ్చి వేరు సమాఖ్య పెట్టుకొనిరి. ఆ చీలికను మాన్పుటకు మరల పూనుకొన్నది గిరిగారే. 1938లో రెండు సంస్థలును కలియుటకు ఆధారమైన ఏర్పాటు ఆయన సూచించినదే. అందులో ఒక షరతు గమనింపదగినది: రాజకీయ ప్రశ్నలపైన, సమ్మెలపైన నిర్ణయము కావలెనన్నచో నాలుగింట మూడు వంతుల మంది ఒప్పుకొనవలెను. ఒక ఓటు ఎక్కువ వచ్చినదని సంఘమంతటిని ఒక పక్షమునకు కట్టివేయు అవకాశము లేకుండ చేసిన కట్టడియది. 1942లో కాన్పూరు సభకు ఆయన రెండవ పర్యాయము అధ్యక్షులైరి.

ఇక ఢిల్లీ దారి. 1931లో లండనులో జరిగిన రెండవ రౌండు టేబిలు సమావేశమునకు కార్మికుల పక్షమున జోషీ, శివరావు, గిరి ముగ్గురు వెళ్ళిరి. మహారాజులు, నవాబులు, మతముల పెద్దలు తమ తమ వాటాలకు వాదించుకొను సభలో ఈ ముగ్గురును అడిగినది వయోజనులందరికి ఓటు, కార్మికుల హక్కులకు రాజ్యాంగములో స్థానము. కార్మిక శాసనములు చేయు అధికారము కేంద్రమునకు ఉండవలెనన్నది వారి మరొక కోరిక. ఇందుకు కారణము తెలిసికొనుట సులభము. మద్రాసు రాష్ట్రము పనిగంటలు తగ్గించి, ప్రక్క సంస్థానము తగ్గించనిచో మిల్లు ప్రక్క సంస్థానమునకు లేచిపోవును. 1935 చట్టము వారి కోరికను సగము మాత్రము తీర్చెను. కార్మిక విషయములను కేంద్ర, రాష్ట్రములకు ఉమ్మడి చేసెను. గనులలోని కార్మికుల సంగతియు, వారి క్షేమమును మాత్రము కేంద్రము జాబితాలో పెట్టెను. స్వతంత్ర భారత రాజ్యాంగమును అదే ఏర్పాటును నిలిపెను. 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టము గని తగవులకు కేంద్రమునే తగిన ప్రభుత్వముగా చెప్పెను. మందమర్రి గనిలో తగవు హైదరాబాదును దాటి ఢిల్లీ అధికారుల యెదుటికి పోవుటకు మూలమిది.

కార్మికులకు శాసనసభలలో ప్రత్యేక స్థానములును 1935 చట్టము ఇచ్చెను. రాష్ట్రములన్నింటిలోను కలిపి 38, మద్రాసునకు 6. గిరిగారు మాత్రము ఆ చిన్న గుమ్మము గుండా పోలేదు. 1934లో కేంద్ర శాసనసభకు ఎన్నికైనవారు, 1937 ఎన్నికలలో బొబ్బిలిలో నిలిచిరి. ఎదిరి బొబ్బిలి రాజావారు. జస్టిస్ పార్టీ నాయకుడు, అంతవరకు మద్రాసు రాష్ట్రమునకు ప్రధానిగా నున్న జమీందారు. పోటీ ఆయన ఎస్టేటులోననే. బొబ్బిలి యుద్ధ కథ వినని తెలుగు ఇల్లు లేదు గదా! ఈ రెండవ బొబ్బిలి యుద్ధములో కోటయు లేదు, ఫిరంగియు లేదు. ఓటు పెట్టె మాత్రమే ఉన్నది. రాజావారి భూములలో బ్రదుకు రైతులు రాజావారిని ఓడించి రైలు కార్మికుల వకీలును గెలిపించిరి. డబ్బుతోనే ఎన్నిక గెలుతురను మాటకు ఆ దినములలో ఇంతకంటె గట్టి జవాబు రాలేదు. అయితే గెలిపించినది సంఘము కాదు, కాంగ్రెసు గాలి అన్నవారి మాటలోను నిజమున్నది. సంఘపు పలుకుబడి ఎంత, పక్షపు పలుకుబడి ఎంత అని త్రాసులో తూచుట ఆనాడును సాధ్యము కాలేదు.

రాజగోపాలాచారిగారి మంత్రివర్గములో గిరిగారు కార్మిక, పరిశ్రమల శాఖల మంత్రి అయిరి. యుద్ధము రాగా 1939లో మంత్రివర్గము రాజీనామా చేసెను. క్విట్ ఇండియా కాలమున ఆయన జైలులో నుండిరి. 1946లో ప్రకాశంగారి మంత్రివర్గములో మరల కార్మికమంత్రి. 1947 నుండి 1951 వరకు సింహళములో హైకమీషనరు. 1952 సార్వత్రిక ఎన్నికలలో పాతపట్నము నుండి లోకసభకు ఎన్నికై, నెహ్రూగారి మంత్రివర్గములో కార్మికమంత్రి పదవి స్వీకరించిరి. సమ్మెలు నడిపినవాడు సమ్మెలు తీర్చు కుర్చీలో కూర్చుండెను.

ఆ కుర్చీలో ఆయన పట్టిన పట్టు ఒకటే. తగవులను కోర్టుల వంటి ట్రిబ్యునళ్ళకు అప్పగించుట తగదు, యజమానియు సంఘమును ఎదురుబదురుగా కూర్చుండి తేల్చుకొనవలెను అని. ట్రిబ్యునలు ఉన్నంతకాలము సంఘము తన కాళ్ళపై నిలువదని ఆయన నమ్మకము. 1952లో నైనిటాలులో జరిగిన కార్మిక మహాసభలో ఈ వాదమును గట్టిగా వినిపించిరి. గిరి మార్గమని దీనికి పేరు వచ్చినది. కాని బలము లేని సంఘములు ట్రిబ్యునలు పోయిన తమకు దిక్కెవరని జంకినవి. వారి భయమును తప్పు పట్టలేము. ఆ మార్గము చట్టము కాలేదు. అయిన పనులును కొన్ని కలవు. క్రొత్త గనుల చట్టము 1952 జూలై 1వ తేదీన ఆయన మంత్రిత్వములో అమలునకు వచ్చినది. పని లేక ఇంటికి పంపబడినవారికి, ఉద్యోగము నుండి తొలగింపబడినవారికి నష్టపరిహారము ఇవ్వవలెనన్న సవరణ 1953 అక్టోబరులో వచ్చినది. ఖరగ్‌పూరులో ఉద్యోగముల కోతను చూచినవానికి ఆ సవరణ విలువ తెలియును.

1954లో పరీక్ష వచ్చినది. బ్యాంకు ఉద్యోగుల జీతములపై అప్పీలు ట్రిబ్యునలు ఒక తీర్పు ఇచ్చెను. బ్యాంకులు భరింపలేవన్న వాదముతో ప్రభుత్వము ఆగస్టులో ఆ తీర్పును సవరించి, ఉద్యోగులకు రావలసినది తగ్గించెను. ట్రిబ్యునళ్ళంటే ఇష్టము లేని మంత్రియే ట్రిబ్యునలు తీర్పును నిలుపుటకు పోరాడవలసి వచ్చినది. ఉభయులును కట్టుబడవలెనని ప్రభుత్వమే ఏర్పరచిన న్యాయస్థానము మాటను ప్రభుత్వమే త్రోసిపుచ్చినచో, ఇక కార్మికునితో న్యాయమును గూర్చి మాటలాడు మొగము ఎవరికి ఉండును? గిరిగారు రాజీనామా చేసిరి. ఆ తరువాత ప్రభుత్వము జస్టిస్ గజేంద్రగడ్కరుగారితో ఒక కమీషను వేయగా, ఉద్యోగులకు పోయినదానిలో చాలభాగము 1955లో తిరిగి వచ్చినది. కార్మికుల ఓటుతో, పక్షపు టిక్కెట్టుతో ఢిల్లీ చేరినవారు చాలమంది కలరు. ఆ కార్మికుల కొరకు కుర్చీ విడిచినవారు బహు కొద్దిమంది.

1957 ఎన్నికలలో పార్వతీపురము ద్విసభ్య నియోజకవర్గము నుండి ఆయన ఓడిపోయిరి. అక్కడ ఒక స్థానము గిరిజనులకు ప్రత్యేకము, రెండవది అందరికిని. ఓట్ల లెక్కలో రెండు స్థానములును గిరిజనులకే వచ్చినవి. సాధారణ స్థానమును గెలిచినది డిప్పల సూరిదొర. గిరిజనుడు సాధారణ స్థానమునకు తగడన్న వాదముతో గిరిగారు కోర్టునకెక్కిరి. ఎక్కువ ఓట్లు వచ్చిన గిరిజనుడు సాధారణ స్థానమునకును అర్హుడే అని సుప్రీముకోర్టు 1959లో సూరిదొర ఎన్నికను ఖాయపరచెను. దిక్కులేనివారి పక్షము వహించిన గిరిగారు ఈ వ్యాజ్యములో నిలిచిన వైపు ఆయనకు అంతగా శోభించలేదనియే చెప్పవలెను. ఆ పిమ్మట ఉత్తరప్రదేశము, కేరళము, మైసూరు రాష్ట్రములకు వరుసగా గవర్నరు, 1967లో ఉపరాష్ట్రపతి.

1969 మే 3వ తేదీన రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ మరణించిరి. గిరిగారు తాత్కాలిక రాష్ట్రపతి అయిరి. ఆ పదవిలో ఆయన ఉన్నది పదకొండు వారములు. అంతలోనే రెండు గొప్ప సంగతులు జరిగినవి. కంపెనీలు రాజకీయ పక్షములకు విరాళములిచ్చుటను నిషేధించిన కంపెనీల సవరణ చట్టము మే 28వ తేదీ నుండి అమలునకు వచ్చినది. ఆ నిషేధము 1985 వరకు నిలిచినది. అంటే ఆ పదునారేండ్లు కోటీశ్వరుని కంపెనీ ఒక పక్షమునకు బహిరంగముగా రూపాయి ఇయ్యజాలదు; రైలు కూలి సంఘము మాత్రము తన రాజకీయనిధి నుండి ఇయ్యవచ్చును. కాగితముపై ఇది కార్మికునకు ఎంతటి పైచేయి! కాని నిధి వేరు, పలుకుబడి వేరు. అణాలు కూడబెట్టిన సంఘపు రాజకీయనిధి ఎన్నడును సముద్రము కాలేదు. కంపెనీల డబ్బు చాటుమాటు దారులు వెదకుకొనినది. సంఘములు పక్షములకు ఇచ్చినది డబ్బుకంటె మనుషులను: జెండా మోయువారిని, ఇల్లిల్లు తిరుగువారిని, ఓటువేయువారిని.

రెండవది జూలై 19వ తేదీ సంగతి. పదునాలుగు పెద్ద బ్యాంకులను జాతీయము చేయు ఆర్డినెన్సుపై గిరిగారు సంతకము చేసిరి. పదునైదేండ్ల క్రిందట బ్యాంకు గుమాస్తాల జీతముల కొరకు మంత్రి పదవిని వదలినవాని చేతి మీదుగా బ్యాంకులే ప్రభుత్వమునకు వచ్చినవి. మరునాడు ఆయన రాజీనామా చేసి స్వతంత్ర అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికలో నిలిచిరి.

కాంగ్రెసు నిలిపిన అభ్యర్థి నీలం సంజీవరెడ్డి. అటు అనంతపురము, ఇటు బరంపురము, ఇద్దరును తెలుగువారు. ప్రధాని ఇందిరాగాంధీ పక్షపు సభ్యులను మనస్సాక్షి ప్రకారము ఓటువేయుమనిరి. వామపక్షములు, కొన్ని ప్రాంతీయ పక్షములు గిరిగారి వెంట నిలిచినవి. ఆగస్టు 16వ తేదీన పోలింగు. మొదటి లెక్కలో ఎవరికిని చాలినన్ని ఓట్లు రాలేదు. రెండవ ప్రాధాన్యము ఓట్లు లెక్కించగా గిరిగారికి 4,20,077, సంజీవరెడ్డిగారికి 4,05,427 విలువైన ఓట్లు తేలినవి. స్వతంత్ర అభ్యర్థి రాష్ట్రపతి అగుట అదియే మొదలు. ఆ ఎన్నికతో మొదలైన పగులు ఆ సంవత్సరాంతమునకు కాంగ్రెసును రెండుగా చీల్చినది. ఎన్నిక చెల్లదని సుప్రీముకోర్టులో పిటీషను పడగా రాష్ట్రపతి స్వయముగా కోర్టునకు వెళ్ళి సాక్ష్యమిచ్చిరి. 1970లో ఆ పిటీషనును కోర్టు కొట్టివేసెను.

ఆయన రాష్ట్రపతిగా నున్న అయిదేండ్లలో కార్మికులను గూర్చిన పెద్ద చట్టములు కొన్ని ఆయన ఆమోదముతో వెలువడినవి. 1970లో కాంట్రాక్టు కూలీల చట్టము, 1972లో గ్రాట్యుటీ చట్టము, 1973లో బొగ్గుగనుల జాతీయకరణ చట్టము. సింగరేణి అప్పటికే ప్రభుత్వ సంస్థ గనుక కడపటి చట్టము దానిని ముట్టలేదు గాని, మొదటి రెండిటి పేరు తెలియని కార్మికుడు ఆ గనులలో అరుదు. కాంట్రాక్టు కూలి సమస్య అక్కడ నేటికిని తెమలలేదు.

కడపటి పరీక్ష 1974లో వచ్చినది. మే 8వ తేదీన దేశమంతట రైలు కార్మికులు సమ్మెకు దిగిరి. సమ్మెకు ముందు నిలిచినది గిరిగారు పునాది వేసిన ఆ రైల్వే కార్మిక సమాఖ్యయే; దాని అధ్యక్షుడు జార్జి ఫెర్నాండెజ్. సమ్మె మొదలుకాకముందే ఆయనను అరెస్టు చేసిరి. వేలమంది జైళ్ళపాలైరి, ఎందరికో ఉద్యోగములు ఊడినవి, రైల్వే క్వార్టర్ల నుండి కుటుంబములను వెళ్ళగొట్టిరి. మే 27వ తేదీన సమ్మె విరమింపబడినది. ఇదంతయు జరిగినది రాష్ట్రపతి పేరున నడచు ప్రభుత్వము చేతిమీద. రాష్ట్రపతి మంత్రివర్గము సలహాపై నడువవలెనని రాజ్యాంగము. మంత్రి రాజీనామా చేసినచో ఒక మంత్రి పోవును. రాష్ట్రపతి రాజీనామా చేసినచో రాజ్యమే కదలును. ఈ భేదమును ఒప్పుకొనక తప్పదు. అయినను 1954లోని గిరిని ఎరిగినవారికి 1974లోని గిరి మింగుడు పడలేదు. ఒక సంఘము తనవానిని ఎంత ఎత్తునకు పంపిన, అతడు ఆ సంఘమునకు అంత దూరమగునా అన్న సందేహము ఆ వేసవిలో ఖరగ్‌పూరు లోకోషెడ్డులో ఎవరికైనను కలిగి యుండవచ్చును.

ఆ ఆగస్టుతో ఆయన పదవీకాలము ముగిసినది. 1975లో భారతరత్న బిరుదము వచ్చినది. మరుసటి యేడు తమ జీవితచరిత్రను ఆంగ్లమున ప్రకటించిరి. అర్ధాంగి సరస్వతీబాయిగారితో పెద్ద కుటుంబమును నడిపిన గృహస్థు మద్రాసులో విశ్రాంతి తీసికొనుచు 1980 జూన్ 24వ తేదీన కన్నుమూసిరి. ఢిల్లీకి చేరువనున్న నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు 1995లో ఆయన పేరు పెట్టిరి. అక్కడ శిక్షణ పొందువారిలో సంఘముల నాయకులును, గని తగవులు విను కార్మికశాఖ అధికారులును కలరు.